ఇంజిన్ మళ్లీ కడదాం – 6వ పాఠం: పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందు

కిందటిసారి బ్లాకును వేడి సబ్బునీళ్లతో కడిగి, తుప్పు పట్టకుండా నూనె రాసి పెట్టాం. ఆ నూనె శుభ్రంగా తుడిచేయండి. ఇవాళంతా కొలతల పనే.

పిస్టన్ క్లియరెన్స్‌ని, అంటే ఈ సందుని, మామూలుగా నేరుగా కొలవం. బోరు (బ్లాకులో పిస్టన్ ఆడే గొట్టం) కొలతలోంచి పిస్టన్ కొలత తీసేస్తే మిగిలేదే అది. చిక్కంతా ఇక్కడే ఉంది. మామూలు కార్ల పోత పిస్టన్లకు చాలావరకు 0.02 నుంచి 0.05 మి.మీ. సందు ఉండాలంటారు. రెండు కొలతల్లోనూ చెరో 0.01 మి.మీ. పొరబాటు పడితే లెక్కలో 0.02 తేడా వస్తుంది. అంటే అసలు సందెంతో తప్పూ అంతే!

అందుకే రెండు అంకెలు రాసుకుని తీసివేత చెయ్యకండి. పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో పట్టి, అక్కడే లాక్ చేసి, పిస్టన్ పక్కన పెట్టేయండి. ఆ దవడల మధ్యే డయల్ బోర్ గేజ్ (బోరు లోపలి వ్యాసం కొలిచే ముల్లు పరికరం) పెట్టి, అటూ ఇటూ ఊపుతూ ముల్లు వెనక్కి తిరిగే చోట సున్నా చేయండి. ఇక గేజ్‌ని బోరులోకి దింపి అలాగే ఊపితే డయల్ చూపేదే క్లియరెన్స్. మైక్రోమీటర్‌లో కాస్త దోషమున్నా ఇందులో అది కొట్టుకుపోతుంది. ముల్లు ఎటు తిరిగితే బోరు పెద్దదో అనుమానమా? గేజ్ కొనను వేలితో నొక్కండి. అప్పుడు ముల్లు కదిలేది చిన్న కొలత వైపు. పెద్దది దానికి ఎదురు దిక్కు.

పిస్టన్‌ని ఎక్కడ పట్టాలన్నది ముఖ్యం. చూడ్డానికి గుండ్రమే గానీ అది అండాకారం. గజన్ పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపేది) దిశలో సన్నం, దానికి అడ్డంగా లావు. వేడికి తల ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి పైన ఇంకా సన్నం చేస్తారు. పిన్‌కి అడ్డంగా, స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) మీద మాన్యువల్ చెప్పిన ఎత్తులోనే కొలవండి. అన్నీ ఒకే గదిలో రాత్రంతా ఉంచి పొద్దున్నే మొదలుపెట్టండి. 80 మి.మీ. అల్యూమినియం పిస్టన్ పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.018 మి.మీ. పెరుగుతుంది. చేతిలో పట్టుకుని కబుర్లు చెబితే కొలత చెడినట్టే.

బోరులో రింగులు తిరిగే మేర పైన, మధ్యన, కింద; ప్రతిచోటా క్రాంక్ వెంబడి ఒకసారి, అడ్డంగా ఒకసారి. మొత్తం ఆరు కొలతలు. అడ్డంగా పైన 0.08, కింద 0.04 వచ్చిందనుకోండి, బోరు 0.04 మేర గరాటులా అరిగింది. కొత్త స్టాండర్డ్ పిస్టన్ వేస్తే సరిపోతుందని చాలామంది ఆశపడతారు. పిస్టన్ మారితే గోడ ఆకారం మారదు కదా! మాన్యువల్ హద్దు దాటితే రీబోర్ చేయించి (బోరును కాస్త పెద్దగా కోయించి), 0.25 లేదా 0.50 మి.మీ. ఓవర్‌సైజ్‌లో, అంటే అంత లావుగా, దొరికే పిస్టన్ వేయాల్సిందే. పిస్టన్లు చేతికొచ్చాకే బోరింగ్‌కి ఇవ్వండి. ఏది ఏ బోరుదో తల మీద మార్కర్‌తో రాయండి.

ఫీలర్ రేకు (మందం తెలిసిన పల్చటి రేకు) దూర్చి లాగి చూసే పాత పద్ధతీ ఉంది. సరిచూసుకోడానికి పర్లేదు, నిర్ణయానికి మాత్రం నేను దాన్ని నమ్మను.

బోరు 0.10 మి.మీ. పెరిగితే రింగు మూతి (రింగు రెండు కొనల మధ్య సందు) 0.31 మి.మీ. ఎక్కువ తెరుచుకుంటుంది. ఎందుకో వచ్చే పాఠానికి మీరే లెక్కేసి ఉంచండి.