అమ్మ తుంటి కీలు రెండోసారి మార్చే ముందు

అమ్మకు 12 ఏళ్ల కిందట పెట్టిన తుంటి కీలు వదులైంది. కీలులో తొడ ఎముక తల తిరిగే గిన్నె లాంటి భాగం కూర్చునే చోట కటి ఎముక బాగా తరిగిపోయిందని, మామూలు గిన్నె అక్కడ నిలవదని డాక్టరు చెప్పారు.

మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితి అయితే ముందు పాత ఆపరేషన్ కాగితాలు వెతకండి. లోపల పెట్టిన భాగాల కంపెనీ, సైజు చెప్పే స్టిక్కర్లు సాధారణంగా వాటిలోనే ఉంటాయి. మాకవి బీరువాలో చీరల కింద దొరికాయి.

తర్వాత ఇన్ఫెక్షన్ సంగతి తేల్చుకోవాలి. ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, అవసరమైతే కీలులోంచి నీరు తీసి పరీక్ష. ఇది అస్సలు దాటేయొద్దు. ఇన్ఫెక్షన్ ఉంటే ప్లానే మారిపోతుంది, ఒక్కోసారి రెండు విడతలుగా ఆపరేషన్ చేస్తారు. ఎముక ఎంత మిగిలిందో సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. అది చేతిలో పెట్టుకుని అడగండి: "ఆ లోటు దేనితో పూడుస్తారు? దాత ఎముకతోనా, టాంటలం లాంటి లోహపు ముక్కలతోనా, కొలత ఇచ్చి చేయించే గిన్నెతోనా?" చేయించేదైతే తయారవడానికి వారాలు పడుతుంది. ఖర్చు కూడా అప్పుడే అడిగేయండి.

ఆపరేషన్ తర్వాతకి ఇంట్లో కమోడ్ మీద ఎత్తు సీటు, చేతులున్న ఎత్తైన కుర్చీ ఉండాలి. పీటలు తీసేయండి. సర్జన్ చెప్పేదాకా ఆపరేషన్ చేసిన కాలు మీద బరువు మోపకూడదు. అమ్మకు 6 వారాలు కాలివేళ్లు నేలకు ఆనించడం వరకే. దేవుడి ముందు కింద కూర్చోలేనని ఆమె ఏడ్చింది. పటాలు కుర్చీ ఎత్తుకు మార్చాం.