పుషప్ బార్ ఇబ్బంది పెడుతోందా? కొత్త మోడల్ కొనేముందు ఇవి చూడండి

పుషప్స్ చేసేటప్పుడు నేల మీద పెట్టి చేతులతో పట్టుకునే పిడులే పుషప్ బార్లు. వాటిలో పాతవేమో కదలకుండా ఉండే ఇనుప బార్లు. తర్వాత గుండ్రటి పీట మీద తిరిగే హ్యాండిల్స్ వచ్చాయి, అమెరికా నౌకాదళ కమాండో దళం నేవీ సీల్స్‌లో పనిచేసిన ఆల్డెన్ మిల్స్ తెచ్చిన పర్ఫెక్ట్ పుషప్ అనే బ్రాండ్‌తో వాటికి బాగా పేరొచ్చింది. ఇప్పుడు పిడిని గుచ్చడానికి, ఒక్కో కండరానికి ఒక్కో రంగంటూ రంగురంగుల రంధ్రాలున్న మడత బోర్డులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఒకదానితో ఇబ్బంది రాగానే చాలామంది ఇంకోదానికి మారిపోతారు, ఇబ్బంది మాత్రం అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే అసలు కారణం చాలాసార్లు నేలలోనో, చేతులు పెట్టే తీరులోనో ఉంటుంది.

సమస్య: బార్ వాడుతున్నా మణికట్టు నొప్పి

నేల మీద అరచేయి ఆనిస్తే మణికట్టు దాదాపు 90 డిగ్రీలు వెనక్కి వంగుతుంది. పైగా శరీర బరువులో సుమారు మూడింట రెండు వంతులు చేతుల మీదే పడుతుంది, అంటే 70 కిలోల మనిషికి ఒక్కో చేతి మీద 20 కిలోల పైమాటే. ఈ వంపు తగ్గించడానికే బార్. అయినా నొప్పి వస్తోందంటే పిడి వేళ్ల మొదళ్ల మీద ఉండి, మణికట్టు వెనక్కి వాలిపోతోందేమో చూడండి. పిడిని అరచేతి కింది భాగానికి జరిపి, పిడికిలీ ముంజేయీ ఒకే గీతలో ఉండేలా గట్టిగా పట్టుకోండి. కొత్త హ్యాండిల్స్‌లో కొన్నిటికి ఫోమ్ మరీ మందంగా ఉంటుంది, చిన్న చేతులవాళ్ల వేళ్లు పూర్తిగా చుట్టుకోవు. వాళ్లకు సన్నటి పాత ఇనుప బారే మేలని నేను గట్టిగా చెప్తాను.

సమస్య: భుజం ముందు భాగంలో నొప్పి

చేతులు ఎత్తు మీద ఉంటాయి కాబట్టి ఛాతీ వాటికంటే కిందికి దిగిపోతుంది, అలవాటు లేని భుజానికి ఆ లోతు ఎక్కువ. ఛాతీ కింద గట్టి దిండు పెట్టుకుని అది తగలగానే పైకి లేవండి, మోచేతుల్ని రెక్కల్లా పూర్తిగా పక్కలకు తెరవకండి. వ్యాయామం మానేసినా నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

సమస్య: తిరిగే హ్యాండిల్ పట్టేస్తోంది, కరకరమంటోంది

తిరగేసి చూడండి. పీటకీ పై భాగానికీ మధ్య ఉన్న సన్నటి సందులో వెంట్రుకలు, దారప్పోగులు చుట్టుకుని, చెమట తగిలి నల్లగా గట్టిపడి ఉంటాయి. పట్టకారుతో లాగేసి, పాత టూత్‌బ్రష్‌తో దులిపి, లోపల లోహపు బేరింగ్ కనిపిస్తే ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి నాలుగుసార్లు తిప్పండి. కింద ఉన్న రబ్బరుకి మాత్రం నూనె అంటకూడదు, అంటితే జారుతుంది. ఇంత చేసినా మీరు బరువు వేయగానే పట్టేస్తోందా? అయితే కింద మెత్తటి కార్పెట్టో, మందపాటి మ్యాటో ఉండి పీట ఓ పక్కకు ఒరుగుతోందేమో, గట్టి నేల మీదికి మార్చి చూడండి.

చేతులు వణకడం వేరే సంగతి. తిరిగే పిడిని అదుపులో పెట్టడానికి భుజాలు అదనంగా కష్టపడాలి, కాబట్టి మామూలు పుషప్స్ నిలకడగా రానివాళ్లు కొన్నాళ్లు కదలని బార్లే వాడటం మంచిది.

సమస్య: టైల్స్ మీద జారుతోంది

రబ్బరు మీద దుమ్ము. సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

సమస్య: బోర్డులో పిడి ఊగుతోంది, పైగా రంగు మార్చినా తేడా తెలియట్లేదు

రంగుల విషయంలో టెన్షన్ అక్కర్లేదు. చేతులు దగ్గరగా పెడితే చేతి వెనక కండరాల మీద కాస్త ఎక్కువ భారం పడుతుంది, అంతేగానీ ఏ రంగూ ఒక్క కండరాన్నే విడిగా పని చేయించలేదు. ఊగడం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రంధ్రంలో దుమ్ము తీసి, పిడిని అడుగంటా నొక్కి, ముందు మోకాళ్ల మీద ఉండి బరువు వేసి చూడండి. రంధ్రం అంచున సన్నటి పగులు కనిపిస్తే జిగురుతో అతికించి వాడకండి, ఆ బోర్డు పక్కన పెట్టేయండి.