ఆపరేషన్‌కు ముందు డాక్టరుతో మాట్లాడేటప్పుడు కుటుంబం తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంట్లో ఒకరికి ఆపరేషన్ ఖాయమైతే డబ్బు, సెలవులు, తోడుండే మనిషి వంటి ఏర్పాట్లన్నీ చూసుకునే కుటుంబమే, డాక్టరు చెప్పిన మాట సగమే అర్థమైనా ‘సరేనండి’ అని తలూపి బయటికి వచ్చేస్తుంది. వైద్యులు చెప్పినదానిలో 40 నుంచి 80 శాతం వరకు రోగులు వెంటనే మరచిపోతారని 2003లో వెలువడిన ఒక సమీక్షా వ్యాసం పేర్కొంది. కాబట్టి గుర్తులేకపోవడాన్ని ఎవరూ తెలివితక్కువతనంగా భావించనక్కరలేదు. డాక్టరు దగ్గరికి ఇద్దరు వెళ్లి, ఒకరు వింటుంటే మరొకరు రాసుకోవాలి. విన్న తరువాత ‘నాకు అర్థమైనది చెబుతాను, తప్పుంటే సరిచేయండి’ అని సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే.

‘ఖాళీ కడుపుతో రండి’ అన్న మాటనే తీసుకోండి. మత్తులో ఉన్నప్పుడు కడుపులోని పదార్థం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది కనుక, సాధారణంగా తేలికపాటి ఆహారం 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. పాలు కలిపిన టీని చాలామంది నీళ్లతో సమానమనుకుంటారు గానీ, దాన్ని ఆహారంగానే లెక్కించాలి. రోగి పరిస్థితిని బట్టి ఈ గడువులు మారుతాయి కాబట్టి, ఎన్నింటికి ఆపాలో గడియారం లెక్కన అడిగి రాసుకోవాలి.

మందుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ‘షుగరు బిళ్ల వేసుకుంటారు’ అని చెబితే సరిపోదు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి కొన్ని షుగరు మందులను ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందే ఆపమంటారు గనుక, మూలికా మందులతో సహా అన్నిటినీ డబ్బాలతో, స్ట్రిప్పులతో తీసుకువెళ్లి చూపించాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి మందులు కొనసాగితే రక్తస్రావం పెరగవచ్చు; సొంతంగా ఆపితే, ముఖ్యంగా గుండెలో స్టెంటు ఉన్నవారికి, రక్తం గడ్డకట్టవచ్చు. ఆపాలా వద్దా, ఆపితే మళ్లీ ఏ రోజున మొదలుపెట్టాలి అన్నది డాక్టరు చేతే రాయించుకోవాలి. రక్తసంబంధీకులలో ఎవరికైనా మత్తుమందు వికటించి ఉంటే, ఎంత పాత సంగతైనా మత్తు డాక్టరుకు చెప్పి తీరాలి.

అంగీకార పత్రంపై సంతకం చేసేముందు ఆపరేషన్ ఎందుకు, చేయకపోతే ఏమవుతుంది, వేరే మార్గముందా అని అడగడం అమర్యాద కాదు. డిశ్చార్జి రోజున జ్వరం, రక్తం కారడం, ఊపిరాడకపోవడం వంటి లక్షణాల్లో వేటికి రాత్రయినా సరే వెంటనే రావాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో కాగితం మీద రాయించుకున్నాకే ఇంటికి బయలుదేరాలి.