వేదిక మీద కీబోర్డు, గిటారు – 4వ పాఠం: కూడిక, తీసివేత

దేవరకొండ వైపు ఒక పల్లెలో పెళ్లి. రాత్రి తొమ్మిదిన్నరకు బరాత్ వచ్చి పందిట్లో దిగింది. నేను కీబోర్డు సర్దుకుని, పియానో టోన్ పెట్టి, ఒక కార్డ్ నొక్కాను. బాక్సుల్లోంచి వచ్చింది పియానో కాదు. పియానో ఎక్కడో బావిలో పడితే పైకి వినబడే చప్పుడు. ప్రతిధ్వని ఉంది, అసలు ధ్వని లేదు. రిథమ్ ఆన్ చేస్తే డ్రమ్ముల్లో తాళాలు మాత్రం సన్నగా తిరుగుతున్నాయి, కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) జాడే లేదు. సౌండ్ ఆపరేటర్ నా వైపు చూసి, "అన్నా, నీ కాసియో ఖరాబైనట్టుంది, ఉత్త గాలి సప్పుడొస్తుంది" అన్నాడు. (మన దగ్గర ఏ కంపెనీ కీబోర్డైనా కాసియోనే. నాది యమహా అని చెప్పి ఆ రాత్రి సాధించేదేమీ లేదు.)

వాల్యూమ్ పెంచాం, టోన్లు మార్చాం, ఇంకో ఛానల్‌కు కలిపాం. అదే గాలి. చివరికి పిన్ను పీకేసి, కీబోర్డు సొంత స్పీకర్ ముందు కోరస్ పాడే అమ్మాయి మైకు పెట్టి రాత్రంతా లాగించాను. వారం తర్వాత ఇంట్లో తీరిగ్గా చూస్తే తెలిసింది, కీబోర్డూ బాగుంది, తీగా బాగుంది. లెక్క ప్రకారం ఏం జరగాలో అదే జరిగింది. ఈ పాఠమంతా ఆ లెక్క గురించే.

ముందు మీ దగ్గరున్న పిన్నును చేతిలోకి తీసుకుని చూడండి. సౌండ్ సామాను షాపుల్లో దీన్ని పీ-38 అంటారు, మందం 6.35 మిల్లీమీటర్లు. దాని మెడ మీద ఒక నల్ల గీత ఉంటే మోనో, రెండు ఉంటే స్టీరియో. మోనో పిన్నులో రెండు భాగాలు: కొనలో సిగ్నల్, మిగతా ఒళ్లంతా గ్రౌండ్. స్టీరియోలో మూడు: కొన, మధ్యలో ఉంగరంలాంటి భాగం, ఒళ్లు. హెడ్‌ఫోన్‌కు పెట్టినప్పుడు కొనలో ఎడమ చెవి సిగ్నల్, ఉంగరంలో కుడి చెవి సిగ్నల్ వెళ్తాయి.

చిక్కు ఎక్కడంటే, అదే మూడు భాగాల పిన్నును మిక్సర్ వేరే అర్థంలో చదువుతుంది. మిక్సర్ మోనో లైన్ ఇన్‌పుట్ చాలావరకు బ్యాలెన్స్‌డ్‌గా ఉంటుంది. దాని దృష్టిలో కొన, ఉంగరం ఎడమ కుడి చెవులు కావు. ఒకే సిగ్నల్ కొనలో నేరుగా, ఉంగరంలో తలకిందులుగా వస్తుందని అది ఆశపడుతుంది. అందుకే కొనలో ఉన్నదాంట్లోంచి ఉంగరంలో ఉన్నదాన్ని తీసేస్తుంది.

ఎందుకు తీసేయాలి? అంకెల్లో చూద్దాం. మీ సిగ్నల్ 5 అనుకోండి. కొనలో +5, ఉంగరంలో −5 బయలుదేరాయి. దారిలో జనరేటర్ తీగ పక్కనుంచి వెళ్తూ రెండూ చెరో 2 రొద అంటించుకున్నాయి. ఇప్పుడు కొనలో 7, ఉంగరంలో −3. మిక్సర్ తీసివేసింది: 7 − (−3) = 10. సిగ్నల్ రెండింతలైంది, రొద సున్నా. ఇంత చవకలో ఇంత మంచి ఉపాయం కరెంటు సామానులో మరొకటి నేను చూడలేదు. ముప్పై మీటర్ల మైకు తీగ జాతరలో సీరియల్ బల్బుల మధ్య నుంచి పోయినా గొంతు శుభ్రంగా రావడానికి కారణం ఇదే.

అదే ఇన్‌పుట్‌కు నేను ఆ రాత్రి కీబోర్డు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి స్టీరియో తీగ పెట్టాను. పియానో మధ్యలో వినబడేలా ఉంటుంది కాబట్టి ఎడమ 5, కుడి 5. తీసివేస్తే సున్నా. కిక్, బేస్ కూడా మధ్యలోనివే, అవీ సున్నా. ప్రతిధ్వని ఎడమలో 3, కుడిలో 1 ఉంటే 2 మిగిలింది. ఆపరేటర్ అన్న గాలి చప్పుడు ఆ రెండే.

యమహా పీఎస్‌ఆర్-ఐ500లాంటి కీబోర్డు వాడేవాళ్లు ఇది బాగా గుర్తు పెట్టుకోవాలి. దానికి హెడ్‌ఫోన్‌కూ అవుట్‌పుట్‌కూ కలిపి ఒకటే రంధ్రం. దానికి వై-కేబుల్ కావాలి: ఒక కొసన స్టీరియో పిన్ను, రెండో కొసన రెండు మోనో పిన్నులు. రెండు మోనోలనూ రెండు ఛానళ్లకు పెట్టించండి. ఒక మోనో పిన్నును నేరుగా హెడ్‌ఫోన్ రంధ్రంలో దూర్చే అలవాటు చాలామందికి ఉంది. అలా చేస్తే కుడి అవుట్‌పుట్ గ్రౌండ్‌కు తగిలి షార్ట్ అవుతుంది. చాలాసార్లు ఏమీ కాదు, కానీ ఆ ఏమీ కాకపోవడం మీద నమ్మకం పెట్టుకోకండి. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10లో ఈ గొడవ లేదు. ఎడమ, కుడి వేర్వేరుగా ఉంటాయి, ఎడమ దాని దగ్గర మోనో అని కూడా రాసి ఉంటుంది. దానికి ఒక్కటే మోనో తీగ పెడితే రెండు వైపులా కలిసి వస్తాయి. మన ఊళ్లలో బాక్సులు దాదాపు అన్నీ మోనోలోనే నడుస్తాయి, కాబట్టి ఒక్క తీగతోనే పని జరిగిపోతుంది. స్టీరియో కోసం పట్టుబట్టి సౌండ్ వాళ్లతో పేచీ పెట్టుకోవడం దండగ.

ఇక గిటారు. దాని తీగలో రెండే భాగాలు కాబట్టి తీసివేత కుదరదు, దారిలో అంటిన రొదంతా లోపలికి వస్తుంది. ఎలక్ట్రిక్ గిటారు పికప్ (స్ట్రింగు కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) సిగ్నల్ బలహీనమైనది కూడా. అది ఒక మెగా ఓమ్ దాకా ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు అడ్డు) ఉన్న ఇన్‌పుట్‌ను కోరుకుంటుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ చాలా వాటిలో పది, ఇరవై కిలో ఓములే. ఇంత తేడా ఉన్నచోట పికప్ మీద బరువు పడి, పైస్థాయిలన్నీ అణగిపోతాయి, గిటారు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటుంది. అకౌస్టిక్ గిటారులో బ్రిడ్జి కింద ప్రీఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిన్న సర్క్యూట్) లేని పీజో పికప్ ఉంటే కథ తిరగబడుతుంది, అందులో కిందిస్థాయిలు పోయి డబ్బా వాయించినట్టు వస్తుంది. మొద్దుగా ఉందా, డబ్బాలా ఉందా అన్నదాన్ని బట్టి తప్పు ఎక్కడుందో చెవితోనే పట్టుకోవచ్చు. ఈక్వలైజర్ తిప్పి సరిచేద్దామని చూడకండి. రానిదాన్ని అది పుట్టించలేదు.

దీనికి మందు డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) బాక్స్. గిటారు మోనో తీగ దాంట్లోకి పోతుంది, బయటికి మైకు తీగలాగే మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ సిగ్నల్ వస్తుంది. అక్కడి నుంచి మిక్సర్ ఎంత దూరమున్నా చింత లేదు. గిటారుకు, డీఐకి మధ్య తీగ మాత్రం ఆరు మీటర్లు దాటనివ్వకండి. మామూలు గిటారు తీగలో మీటరుకు ఇంచుమించు వంద పీకోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, పొడుగు పెరిగిన కొద్దీ అది పైస్థాయిలను మింగుతుంది.

డీఐ రెండు రకాలు. పాసివ్‌లో లోపల ట్రాన్స్‌ఫార్మరే ఉంటుంది, కరెంటు అక్కర్లేదు. కీబోర్డుకు అది చాలు. ప్రీఆంప్ లేని గిటారుకు యాక్టివ్ మేలు. దానికి బ్యాటరీ గానీ, మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ గానీ ఉండాలి. చిన్న మిక్సర్లలో ఫాంటమ్ మీట అన్ని మైకులకూ కలిపి ఒకటే ఉంటుంది, అది ఆన్‌లో ఉండగా తీగలు పీకితే బాక్సులు పేలినంత చప్పుడు. ముందు ఛానల్ మ్యూట్ చేయించి అప్పుడు పీకండి. ఒకటే కొనగలనంటే యాక్టివ్ కొనండి, అది కీబోర్డుకూ పనికొస్తుంది. నన్నడిగితే కొత్త మల్టీ ఎఫెక్ట్స్ కన్నా ముందు కొనాల్సింది ఇది. ప్రీఆంప్ ఉన్న అకౌస్టిక్ వాళ్లకు ఒక్క మాట: పిన్ను గిటారుకు గుచ్చి ఉన్నంతసేపూ లోపలి తొమ్మిది వోల్టుల బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. భోజనాలకు లేచినప్పుడు పీకి లేవండి.

తీసివేత ఉపాయం గిటారు లోపల కూడా ఉంది. గిటార్ల కంపెనీ గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన హంబకర్ పికప్ అదే. పక్కపక్కన రెండు కాయిల్స్, వాటి చుట్లు, అయస్కాంతాలు ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి. స్ట్రింగు కదలిక రెండింట్లోనూ కలుస్తుంది, కరెంటు రొద ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. సింగిల్ కాయిల్ గిటారు స్వరం నాకూ ఇష్టమే. కానీ దీపావళి తర్వాత కురుమూర్తి జాతరలాంటి చోట, రంగులరాట్నాలు, మిఠాయి దుకాణాల లైట్ల నడుమ వాయించాలంటే హంబకర్ ఉన్నదే పట్టుకెళ్తాను. సింగిల్ కాయిలే ఉంటే వేదిక మీద నిలబడి నెమ్మదిగా చుట్టూ తిరగండి, ఏదో ఒక కోణంలో రొద బాగా తగ్గుతుంది. ఆ వైపే ముఖం పెట్టి వాయించండి. పెళ్లికొడుకుకు వీపు చూపించాల్సి వస్తే మన్నిస్తాడు.

రొదను చెవితో గుర్తుపట్టడం కూడా నేర్చుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. అదీ, దాని రెట్టింపు 100 హెర్ట్జ్ కలిసి హూం అని వినబడతాయి. హార్మోనియం మీద 5 శ్రుతి, అంటే జీ స్వరం, ఆ కిందిస్థాయిలో 98 హెర్ట్జ్. రొద దానికన్నా అర మెట్టులో మూడో వంతు పైన ఉంటుంది. అందుకే 5 శ్రుతిలో పాడేవాళ్లు రొద ఉన్న వేదిక మీద తెలియకుండానే కొంచెం పైకి లాగొచ్చు. గాయకుణ్ని తిట్టే ముందు తీగలు చూడండి.

డీఐ పెట్టాక కూడా హూం పోకపోతే అది చాలావరకు గ్రౌండ్ లూప్. గిటారు ఆంప్ వేదిక పక్క బోర్డులో, మిక్సర్ ఎక్కడో దూరాన ఇంకో బోర్డులో ఉంటే ఎర్త్‌కు రెండు దారులు ఏర్పడి, ఆ చుట్టులో రొద తిరుగుతుంది. వీలైతే ఆంప్, కీబోర్డు, మిక్సర్ అన్నింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇప్పించండి, డెకరేషన్ లైట్లకు వేరే లైను ఇవ్వమనండి. కుదరకపోతే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న మీట ఉంటుంది, దాన్ని నొక్కండి. అది సిగ్నల్ తీగలో గ్రౌండ్‌ను మాత్రమే తెంపుతుంది, అందులో ప్రమాదం లేదు.

ప్రమాదం ఇంకోచోట ఉంది. రొద పోవాలని ప్లగ్గులో మూడో పిన్నును, అంటే ఎర్త్‌ను విరగ్గొట్టేవాళ్లను నేను చూశాను. రొద నిజంగానే పోతుంది. ఆంప్ లోపల ఎక్కడైనా ఫేజ్ బాడీకి తగిలితే ఆ కరెంటుకు ఎర్త్ దారి ఉండదు కాబట్టి మీ గిటారు స్ట్రింగుల మీద కూర్చుంటుంది. మీరు స్ట్రింగులు పట్టుకుని మైకుకు పెదవి ఆనించిన క్షణాన దానికి దారి మీరే. ధూంధాంలలో వానకు తడిసిన నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి వాయిస్తుంటాం, అక్కడ ఇది మరీ ప్రమాదం. జనరేటర్ మీద నడిచే పెళ్లిళ్లలో అసలు ఎర్త్ వేశారో లేదో ముందే అడగండి. నేను సంచిలో ఒక మల్టీమీటర్ పెట్టుకుంటాను. ఏసీ వోల్టుల పెద్ద రేంజిలో పెట్టి, ఒక కొస గిటారు బ్రిడ్జికి, ఒక కొస మైకు జాలీకి ఆనిస్తాను. మీటరు కొసల ప్లాస్టిక్ తప్ప నా చెయ్యి దేనికీ తగలదు. ఒకటి రెండు వోల్టులైతే వాయిస్తాను. పదుల్లో చూపిస్తే గిటారు కింద పెట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాను, ఎవరు తొందరపెట్టినా సరే.

లెవెల్ గురించి నాలుగు ముక్కలు చాలు. కీబోర్డు వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, మీ పాటల్లో అన్నింటికన్నా గట్టిగా మోగే టోన్ (చాలామందికి అది బ్రాస్ గానీ నాదస్వరం గానీ) రెండు చేతులతో వాయించండి. మిక్సర్‌లో పీక్ లైటు ఒకసారి మెరిసేదాకా గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్ బలం) పెంచించి, అక్కడి నుంచి కొంచెం తగ్గించమనండి. ఫ్లూట్‌తో సెట్ చేయిస్తే మొదటి బీటులోనే బాక్సులు చిరుగుతాయి.

ఈ వారం పని. మీ దగ్గరున్న తీగలన్నీ నేల మీద పరచండి. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి ఒక్కొక్కటీ చూడండి: కొనకు కొన మోగాలి, ఒంటికి ఒళ్లు మోగాలి, కొనకు ఒళ్లు మోగకూడదు. మోగుతుండగా పిన్ను మెడ దగ్గర తీగను అటూ ఇటూ వంచండి. తెగి తెగి మోగితే అక్కడ నాలుగు వేళ్ల మేర కోసేసి కొత్త పిన్ను టాకా వేసుకోండి. స్టీరియో తీగలు వేరే తీసి వాటి రెండు కొసలకూ ఎర్ర దారం కట్టండి. చీకట్లో, బరాత్ దిగేవేళ నల్ల గీతలు లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు.

వచ్చే పాఠం భజన హార్మోనియంతో కలిసి వాయించాల్సి వస్తే శ్రుతి సర్దుకోవడం. ఫోన్‌లో ఒక ట్యూనర్ యాప్ వేసి ఉంచండి.