దస్తావేజుల్లో దివాన్ గారు – 4వ పాఠం: తాతా? మనవడా?

ఈ పాఠాల్లో పాత దస్తావేజులు పట్టుకుని ఒక భూస్వామి చరిత్ర వెతుకుతున్నాం. పోయిన పాఠంలో ఫసలీకి, అంటే పాత రెవెన్యూ లెక్కలోని ఏడాదికి, 590 కలిపితే ఇంగ్లీషు ఏడాది వస్తుందని చెప్పి, ఏడాది ఎప్పుడు మొదలవుతుందో చెప్పడం మరిచాను. తప్పు నాదే. మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలో ఫసలీ 1270 అంటే 1860 జులై నుంచి 1861 జూన్ దాకా. 1861 మార్చిలో జరిగిన క్రయం ఫసలీ 1270లోకే వస్తుంది. 1861లోంచి 590 తీసేసి 1271లో వెతికినవాళ్లకి అందుకే ఏమీ దొరకలేదు.

ఇంకొందరు గుంటూరు జిల్లా రికార్డు లేదని రాశారు. 1859 నుంచి 1904 దాకా గుంటూరు కృష్ణా జిల్లాలో కలిసి ఉంది కదా, అక్కడ చూడండి. దీని మీద ఇంక రాయను.

అసలు చిక్కు వేరే ఉంది. మన భూస్వామి ఒక సంస్థానంలో దివాన్‌గిరీ చేశాడు. 1822లో ఆ పేరుతో ఒక దస్తావేజు, 1871లో అదే పేరుతో ఇంకోటి. చాలామంది రెండూ ఒకరివేనని రాసి పంపారు. తండ్రి పేరు కూడా కలిసిందట! కలుస్తుంది మరి. మన ఇళ్లలో పెద్దకొడుక్కి తాత పేరు పెడతారు. వెంకయ్య కొడుకు రామయ్య, రామయ్య కొడుకు వెంకయ్య, ఆ వెంకయ్య కొడుకు మళ్లీ రామయ్య. తాతా రామయ్యే, మనవడూ రామయ్యే, ఇద్దరి తండ్రులూ వెంకయ్యలే. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. నేనూ ఒకసారి ఇలాగే ఇద్దర్నీ కలిపేశాను. తీరా లెక్క వేస్తే ఆయన నూటపాతికేళ్లు బతకాల్సి వచ్చింది.

మరి విడదీయడం ఎలా? ఇనాం భూమి, అంటే పన్ను లేకుండానో తగ్గించో ఇచ్చిన భూమి, ఉంటే పని తేలిక. ఆ ఇనాం హక్కుల్ని విచారించడానికి 1858లో మొదలైన ఇనాం కమిషన్ తయారుచేసిన ఫెయిర్ రిజిస్టర్ అనే పుస్తకంలో అప్పటి అనుభవదారు వయసు రాశారు. 1861 నాటికి 35 ఏళ్లని ఉంటే, 1822 దస్తావేజు నాటికి ఆయన పుట్టనే లేదు. వయసు ఉజ్జాయింపుగా రాసిందే కావచ్చు, ఐదారేళ్లు అటూఇటూ అనుకోండి. అప్పుడూ కుదరదు.

ఇనాం లేకపోతే హద్దులు చదవండి. నాకు పేరుకన్నా హద్దుల మీదే నమ్మకం. తూర్పున ఎవరి పొలం, పడమర ఎవరిది అని రాస్తారు కదా, ఆ పక్క రైతులు ఏ తరంవాళ్లో తేలితే మన మనిషి తరం కూడా తేలుతుంది. సంతకాలు పోల్చుతామంటారా? రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉండేది గుమాస్తా ఎత్తిరాసిన నకలు, అందులో అందరి చేతిరాతా ఒక్కటే.

1865 తరవాతి కాగితాలకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటో ఇండెక్స్ పేర్లది, రెండోది ఆస్తులది. నేను రెండోదే ముందు తీస్తాను. దివాన్‌లు భార్య పేరనో బావమరిది పేరనో కొనడం మామూలు. పేరు పట్టుకుని వెళితే ఆ కొనుగోళ్లు కనపడవు.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న పాత దస్తావేజు ఒకటి తీసి, అందులో అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, సాక్షులు, నాలుగు హద్దుల రైతులు, అందరి తండ్రుల పేర్లూ ఒక కాగితం మీదకి ఎక్కించండి. ఎవరికి ఎవరు తాతో గీతలు గీయండి. ఒక్క పూటలో అయ్యే పని కాదు, వారం పెట్టుకోండి.