మిల్లులో యూనియన్ పెట్టాలంటే ముందు రసీదు పుస్తకం కొనండి

గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల కుర్రాళ్లు యూనియన్ అనగానే ఏ జెండా అని అడుగుతారు. నూలు వడికే రింగ్ ఫ్రేముల దగ్గర పనిచేస్తూ చాలాకాలం యూనియన్ కోశాధికారిగా ఉన్నవాణ్ణి, నా చూపంతా లెక్కల మీదే. జెండా సంగతి తర్వాత. ముందు నంబర్లు వేసిన రసీదు పుస్తకం, సభ్యత్వ రిజిస్టరు కొనండి.

ఎందుకంటే యూనియన్ రిజిస్ట్రేషన్ నిలబడేది వాటి మీదే. దరఖాస్తు మీద ఏడుగురు సంతకం పెడితే చాలు. కానీ ఆ రోజుకి మిల్లు కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులై ఉండాలి. 400 మంది ఉన్న మిల్లులో 40 మంది. 30 మందే ఉన్న జిన్నింగ్ మిల్లులో ముగ్గురు చాలరు, ఏడుగురు ఉండాల్సిందే. తర్వాత కూడా ఆ సంఖ్య తగ్గకూడదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే లెక్క.

అంతకుముందున్న 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ఊరికే రాలేదు. గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. 1918లో మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులు బి.పి. వాడియాను అధ్యక్షుడిగా పెట్టుకుని మద్రాస్ లేబర్ యూనియన్ కట్టారు. యాజమాన్యం బిన్నీ కంపెనీ వాడియా మీద హైకోర్టుకెళ్లి ఆర్డరు తెచ్చుకుంది. నాయకుడిగా ఉండటమే తప్పన్నట్టు తయారైంది. అప్పుడు కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో యూనియన్లకు చట్టరక్షణ కావాలని 1921లో తీర్మానం పెట్టారు. చట్టమయ్యేసరికి మరో ఐదేళ్లు.

చందా జీతాలు పడిన మర్నాడే అడగాలి, వారం దాటితే ఎవరి జేబులోనూ ఉండదు. ప్రతి షిఫ్టుకీ ఒకరిని పెట్టండి, లేదంటే రాత్రి షిఫ్టువాళ్లు జారిపోతారు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లకి విషయం వాళ్ల భాషలోనే చెప్పించండి. మా మిల్లులో వాళ్లని వదిలేసి మీటింగు పెడితే గేటు దగ్గర సగం మందే నిలబడ్డారు. డబ్బు మాత్రం ఎవరింట్లోనూ ఉండకూడదు, రిజిస్ట్రేషన్ రాగానే యూనియన్ పేరు మీద బ్యాంకు ఖాతా తెరవండి.

దరఖాస్తుతో నిబంధనావళి, సభ్యుల పేర్లు, చిరునామాలు, అఫిడవిట్ పెట్టాలి. బయటి నాయకులు కావాలనుకుంటే కార్యవర్గంలో మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతవరకే. మిగతావాళ్లు మిల్లులో పనిచేసేవాళ్లే ఉండాలి. నన్నడిగితే ఒక్కరు చాలు. వకీలు మాట తెలిసినవాళ్లయితే మంచిది.

రెండు మూడు యూనియన్లుంటే 51 శాతం మంది మద్దతున్నదే బేరసారాలకు కూర్చుంటుంది. ఎవరికీ అంత లేకపోతే కనీసం 20 శాతం మద్దతున్న యూనియన్ల నుంచి, ప్రతి 20 శాతానికి ఒక ప్రతినిధి చొప్పున, బేరసారాల కౌన్సిల్ వేస్తారు. అక్కడా పనికొచ్చేది మీ రిజిస్టరే.

సమ్మె అంటే కుర్రాళ్లకి ఆవేశం ఎక్కువ. 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకపోతే చట్టవిరుద్ధం. సగం మంది కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. రాజీ చర్చలు నడుస్తుండగా అసలు దిగకూడదు.

యూనియన్‌లో చేరాడని పనిలోంచి తీసేస్తే అది చట్టం ఒప్పుకోని అన్యాయపు పద్ధతి (అన్‌ఫెయిర్ లేబర్ ప్రాక్టీస్). డిమాండ్ల కాగితం ఎప్పుడూ రెండు కాపీలు తీయండి. ఆఫీసులో ఒకటిచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యబోమంటే స్పీడు పోస్టులో పంపి, ఆ రసీదు కూడా రిజిస్టర్లో అంటించండి.