పాత అంబాసిడర్‌లో ఆగిపోయిన కిలోమీటర్ల మీటరు

పాత అంబాసిడర్‌లో కిలోమీటర్ల అంకెలు కదలడం మానేస్తే వెంటనే మీటరు విప్పకుండా, బండిని కొంత దూరం నడిపి వేగం చూపే ముల్లును గమనించండి. గేర్‌బాక్స్ నుంచి వచ్చే ఒకే కేబుల్ రెండింటినీ నడుపుతుంది కనుక, ముల్లు కూడా లేవకపోతే లోపం చాలావరకు కేబుల్‌లోనో, గేర్‌బాక్స్ దగ్గరి చిన్న పళ్లచక్రంలోనో ఉంటుంది. ముల్లు చక్కగా లేస్తూ అంకెలు మాత్రమే నిలిచిపోతే మీటరును విప్పక తప్పదు.

కేబుల్‌ను అనుమానిస్తే, మీటరు వెనకనున్న నట్టును విప్పి లోపలి తీగను బయటకు లాగండి. తీగ తెగినా, దాని నలుపలకల కొస అరిగి గుండ్రబడినా కొత్తది వేయాలి. బాగుంటే కిరసనాయిలుతో తుడిచి పలుచగా గ్రీజు రాయండి, కానీ మీటరు వైపు జానెడు మేర పొడిగానే వదలాలి. తిరిగే తీగ వెంట గ్రీజు పైకి పాకి మీటరులోకి చేరితే, అయస్కాంతానికీ దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెకూ అంటుకుని ముల్లును పాడుచేస్తుంది.

మీటరునే విప్పాల్సి వస్తే ముందుగా బ్యాటరీ వైరు తీసి, అప్పటి రీడింగును ఫొటో తీసుకోండి. అద్దం చుట్టూ ఉన్న రేకు అంచును సన్నని స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా, చుట్టూ తిప్పుతూ లేపాలి; తొందరపడితే రేకు చిరుగుతుంది. ముల్లు వెనకనున్న వెంట్రుకంత స్ప్రింగును తాకవద్దు. అంకెల చక్రాలను తిప్పే చిన్న పళ్లచక్రం పగిలిందో, ఇరుసుపై జారుతోందో చూడండి. జారుతుంటే ఇరుసును నోస్‌ ప్లయర్‌తో కాస్త గరుకు చేసి, గుండుసూది మొనతో రవ్వంత ఎపాక్సీ జిగురు పెట్టి, ఒక రాత్రంతా ఆరనివ్వండి. త్వరగా అతుక్కునే పలుచని జిగురు వాడవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే అది అంకెల మధ్యకు పారుతుంది, దాని ఆవిరి అద్దాన్ని తెల్లబరుస్తుంది.

బిగించే ముందు, కేబుల్ తీగ ముక్కను డ్రిల్లు యంత్రానికి తగిలించి, ముల్లు లేచే దిశలో తిప్పి చూడండి. కిలోమీటరుకు 1000 చుట్లు తీసుకునే మీటరైతే, నిమిషానికి 1000 చుట్ల వద్ద ముల్లు 60 దగ్గర నిలవాలి, నిమిషానికొక కిలోమీటరు పెరగాలి.

ఆగిన కాలంలో బండి తిరిగిన దూరాన్ని సర్వీసు పుస్తకంలో రాసుకోండి గాని అంకెలను చేత్తో మార్చవద్దు. బండిని తర్వాత కొనేవారికి ఆ లెక్క దక్కాలి. ఆపైన కిలోమీటరు రాళ్లున్న రోడ్డుపై పది రాళ్ల దూరం నడిపి, మీటరు పది కిలోమీటర్లు చూపుతోందో లేదో సరిచూసుకోండి.